పాప ఫోటోషూట్‌కి ఏ స్టూడియో? కాలనీ స్టూడియో, బేబీ స్టూడియో, ఇంటికొచ్చే ఫోటోగ్రాఫర్, ఔట్‌డోర్, ఎవరికి ఏది సెట్ అవుతుంది

పిల్లల ఫోటోషూట్ అని ఒక్కసారి వెతికితే చాలు, ఇక ఫోన్ నిండా అవే యాడ్స్, బుట్టలో పాప, చందమామ మీద పాప, చిన్ని కృష్ణుడి వేషంలో బాబు, అన్నీ ముద్దుగానే ఉంటాయి, రేట్లు మాత్రం ఒకళ్ళు మూడు వేలంటారు ఇంకొకళ్ళు ముప్పై వేలంటారు, ఆ తేడా దేనికో ఎవరూ సరిగ్గా చెప్పరు. నా పిల్లలకీ, అక్క పిల్లలకీ, తర్వాత ఫ్రెండ్స్ వాళ్ళ పిల్లలకీ స్టూడియో చూసిపెట్టే పని ప్రతిసారీ నాకే వస్తోంది కాబట్టి నాకు తెలిసిందంతా ఒకచోట రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పిల్లల ఫోటోలకి మనం ముఖ్యంగా డబ్బులిచ్చేది అవతలివాళ్ళ ఓపికకి. పాప నిద్రపోయేదాకా, పాలు తాగేదాకా, ఏడుపు ఆపేదాకా ఎవరు విసుక్కోకుండా ఆగుతారో వాళ్ళ ఫోటోలే బాగా వస్తాయి, కెమెరా, సెట్టు, ప్రాప్స్ అన్నీ దాని తర్వాతే.

ముందు చూడాల్సింది పాప వయసు

చాలామంది ముందు స్టూడియో చూసి తర్వాత డేట్ అడుగుతారు. నేనైతే వయసు చూసి దాన్నిబట్టి స్టూడియో వెతకమంటా.

పుట్టిన 5వ రోజు నుంచి రెండు వారాల్లోపు పిల్లలు ఎక్కువసేపు గాఢంగా నిద్రపోతారు, కడుపులో ఉన్నట్టే ముడుచుకుని పడుకుంటారు, అందుకే ఆ నిద్ర ఫోటోలన్నీ ఆ టైమ్‌లోనే తీస్తారు. కానీ మన ఇళ్ళల్లో అప్పటికి పురుడు కూడా వెళ్ళదు, బాలింతని గడప దాటనివ్వరు, సిజేరియన్ అయితే ఆవిడ లేచి కూర్చోడమే కష్టం. అందుకని ఈ షూట్ కావాలంటే ఇంటికి వచ్చేవాళ్ళే దిక్కు, లేకపోతే మనసు పాడుచేసుకోకుండా వదిలేయండి, 21వ రోజు బారసాలకి ఉయ్యాలలో తీసే ఫోటోలు వాటికేం తీసిపోవు.

మూడు నాలుగు నెలలకి మెడ నిలుస్తుంది, బోర్లా పడుకోబెడితే తలెత్తి చూస్తారు, పలకరిస్తే నవ్వుతారు. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య సొంతంగా కూర్చుంటారు, ఇంకా పాకుతూ పారిపోరు, కొత్తవాళ్ళని చూసి ఏడవడం కూడా అంతగా మొదలవ్వదు. ఒక్కటే షూట్‌కి డబ్బులున్నాయంటే నేను ఈ టైమ్‌కే ఓటేస్తా. తొమ్మిదో నెల నుంచి కొత్త మొహం కనిపిస్తే అమ్మ భుజంలో దాక్కోవడం మొదలవుతుంది, అది పిల్లలు ఎదుగుతున్నారనడానికి గుర్తే గానీ ఫోటోగ్రాఫర్‌కి మాత్రం పెద్ద పరీక్ష. ఏడాది దాటాక పరుగే పరుగు, గదిలో కన్నా బయటే బాగుంటుంది.

ఇంకో రెండు విషయాలు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు, తొమ్మిదో నెల టీకా, వీటి తర్వాత రెండు మూడు రోజులు షూట్ పెట్టుకోవద్దు, జ్వరం, చిరాకు ఉండొచ్చు. పుట్టువెంట్రుకలు తీయించే ముహూర్తం కూడా చూసుకోండి. తిరుపతి టికెట్లు దొరికాయని గుండు చేయించుకొచ్చేసి, వచ్చే వారం స్టూడియో బుకింగ్ ఉందని గుర్తొచ్చి బాధపడ్డవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. గుండుతో కూడా ముద్దుగానే ఉంటారు, కాకపోతే ఆ జుట్టుతో ఉన్న ఫోటో మళ్ళీ రాదు కదా.

నేను చూసే అయిదు విషయాలు

మొదటిది టైమ్. ఒక షూట్‌కి ఎన్ని గంటలు ఇస్తారు, మన తర్వాత ఇంకో బుకింగ్ ఎన్నింటికి ఉంది, ఇది అడగండి. "పాప ఏడిస్తే ఏం చేస్తారండీ" అని కూడా అడగండి. "ఏం పర్లేదు, బ్రేక్ ఇద్దాం, కావాలంటే ఇంకో రోజు రండి, ఎక్స్‌ట్రా ఏం తీసుకోం" అన్నవాళ్ళు నా లిస్టులో ఉంటారు. "మేం ఎలాగోలా నవ్విస్తాం మేడమ్" అన్నవాళ్ళని ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతా.

రెండోది భద్రత, దీని మీద నేను అస్సలు రాజీపడను. పసిపాప రెండు చేతుల మీద గడ్డం ఆనించుకుని కప్పలా కూర్చున్న ఫోటో ఉంటుంది చూడండి, అది ఒక్క క్లిక్‌లో తీసేది కాదు. ఒకసారి తల పట్టుకుని, ఒకసారి చేతులు పట్టుకుని రెండు ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలుపుతారు. అది ఎలా తీస్తారని అడిగితే తెలిసినవాళ్ళు వెంటనే ఇదే చెప్తారు, తడబడితే మాత్రం ఆ పోజు వద్దనేయండి. వేలాడే ఊయల, గాజు పాత్రలు, ఎత్తు స్టూలు మీద బుట్ట, వీటిల్లో పాపని పెట్టినంతసేపూ ఒక మనిషి చెయ్యి అంత దూరంలో ఉండాల్సిందే. రగ్గులు, టోపీలు ప్రతి పాపకీ ఉతికి వాడతారా, ఎత్తుకునేవాళ్ళు చేతులు కడుక్కుంటారా, దగ్గు జలుబు ఉన్నవాళ్ళు ఎవరైనా పనిచేస్తున్నారా, ఇవన్నీ మొహమాటం లేకుండా అడగాలి. చిన్న చిన్న ముత్యాలు, థర్మాకోల్ ఉండలు, ఊడిపోయే ప్లాస్టిక్ పూలు పాకే వయసు పిల్లల దగ్గర ఉండకూడదు, నోట్లోకే వెళ్తాయి. పసిపిల్లల షూట్ అంటే గది వెచ్చగా ఉండాలి, 26, 27 డిగ్రీలు, మనకి చెమట పట్టినా సరే. ఏసీ 20లో పెట్టి బట్టలు లేకుండా పడుకోబెడితే ఏ పాప నిద్రపోతుంది?

మూడోది ఎడిటింగ్. ఇది నాకు మనసుకి బాగా పట్టిన విషయం. చాలాచోట్ల అడక్కుండానే పిల్లల రంగు తెల్లగా చేసేస్తారు, ఒక చోట అయితే మా అక్క కూతురి ఫోటోలు చూసి అది మా పాపేనా అనిపించింది, చామనఛాయ పిల్లని పాలిపోయినట్టు చేశారు, బుగ్గ మీద మా అమ్మ పెట్టిన దిష్టి చుక్క కూడా మచ్చ అనుకుని చెరిపేశారు. పాప రంగు పాపదే, దాన్ని మార్చే హక్కు ఎవరికీ లేదు. బుకింగ్ అప్పుడే "రంగు మార్చొద్దు, దిష్టి చుక్క, పుట్టుమచ్చ తీసేయొద్దు, గోరు గీతలు, మొహం మీద చిన్న పొక్కులు మాత్రం తీసేయండి" అని మెసేజ్ పెట్టి ఉంచుకోండి.

నాలుగోది ఫైల్స్. ఎన్ని ఫోటోలు ఎడిట్ చేసి ఇస్తారు, మిగతావి ఇస్తారా లేదా, ఫుల్ సైజులో ఇస్తారా. అయిదోది తల్లికి సౌకర్యం, పాలివ్వడానికి తలుపు వేసుకునే గది, శుభ్రమైన బాత్రూమ్, లిఫ్ట్, వీలైతే ఆడ మనిషి ఒకరు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి దాన్ని ఒక ఇంగ్లీషు ఆవిడకి అప్పగించారు, అప్పుడే ఆలోచించిన విషయం ఇది, ఇప్పుడు కర్టెన్ వెనక స్టూలు వేసి ఇక్కడ ఫీడ్ చేసుకోండి అంటే ఎలా ఒప్పుకుంటాం.

ఒక్క చూపులో

| | కాలనీ స్టూడియో | బేబీ స్టూడియో | ఇంటికొచ్చే ఫోటోగ్రాఫర్ | ఔట్‌డోర్ |
|---|---|---|---|---|
| సరైన వయసు | 6 నెలల పైన, అక్షరాభ్యాసం, ఫ్యామిలీ గ్రూప్ | 3 నుంచి 12 నెలలు | పసిపాప, 9 నెలల కొత్తవాళ్ళ భయం వయసు | ఏడాది పైన |
| ఖర్చు | అన్నిటికన్నా తక్కువ | అన్నిటికన్నా ఎక్కువ | మధ్యస్థం | మధ్యస్థం, పైన ఎంట్రీ, కారు ఖర్చులు |
| ఓపిక, టైమ్ | రద్దీని బట్టి | మంచిచోట బాగుంటుంది, శని ఆదివారాలు కాదు | చాలా బాగుంటుంది | వెలుతురు ఉన్నంతసేపే |
| ప్రాప్స్, సెట్లు | తక్కువ, పాతవి | బోలెడు | మన ఇంట్లో ఉన్నవే | చెట్లు, నీళ్ళు, ఆకాశం |
| ముఖ్యమైన ఇబ్బంది | తొందర | చివర్లో పెరిగే బిల్లు | ఇంట్లో వెలుతురు | ఎండ, దుమ్ము, పర్మిషన్ |

కాలనీ స్టూడియో

పాస్‌పోర్ట్ ఫోటోలు తీసే మన వీధి చివర స్టూడియో అనగానే చాలామంది ముందే వద్దనేస్తారు, నాకది నచ్చదు. ఇరవై ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ తీస్తున్న చెయ్యి అది. మీ నాన్నగారు తెలుసు, మీ పెళ్ళి ఆల్బమ్ కూడా ఆయనే చేసుంటారు, ఫోటో బాలేదంటే మళ్ళీ వెళ్ళి అడగొచ్చు. నాయనమ్మ, తాతయ్య, మనవరాలు కలిసి ఒక మంచి గ్రూప్ ఫోటో కావాలన్నా, పలకా బలపంతో అక్షరాభ్యాసం ఫోటో కావాలన్నా ఇక్కడే బాగుంటుంది, ప్రింటు కూడా వెంటనే చేతికొస్తుంది.

ఇబ్బంది ఏంటంటే మధ్యలో పాస్‌పోర్ట్ కస్టమర్లు వస్తూనే ఉంటారు, ఆయన లేచి వెళ్తారు, ఈలోపు పాప మూడ్ పోతుంది. అందుకే మామూలు రోజు పొద్దున షాపు తెరిచిన వెంటనే వెళ్ళండి. మాఘం, వైశాఖం, శ్రావణం లాంటి పెళ్ళిళ్ళ సీజన్‌లో వాళ్ళు రాత్రంతా పెళ్ళి తీసి కళ్ళు మూతలు పడుతూ ఉంటారు, అప్పుడు వెళ్ళొద్దు. ఆషాఢం, పుష్యమాసం, మూఢం ఉన్న రోజులు పట్టుకోండి, ఖాళీగా ఉంటారు, టైమ్ ఇస్తారు, రేటు కూడా తగ్గిస్తారు. ఈ ఒక్క చిట్కా ఇంటికొచ్చే ఫోటోగ్రాఫర్లకి కూడా పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్ళల్లో ఎక్కువమందికి పెళ్ళిళ్ళే అసలు ఆదాయం. దుప్పట్లు, టోపీ మాత్రం మీ ఇంటి నుంచే తీసుకెళ్ళండి.

బేబీ స్టూడియో

పిల్లల కోసమే పెట్టిన స్టూడియోలు, హైదరాబాద్, వైజాగ్, విజయవాడల్లో ఇప్పుడు బాగానే ఉన్నాయి. మంచి స్టూడియో అయితే తేడా లోపలికి అడుగుపెట్టగానే తెలుస్తుంది, గది వెచ్చగా ఉంటుంది, మెత్తటి లైటు, వెనక సన్నగా శబ్దం, పాపని పట్టుకోవడం తెలిసిన ఒక అమ్మాయి, ఏడిస్తే ఎవరూ కంగారుపడరు. ఆరు నెలల పాపకి ఇక్కడ వచ్చే ఫోటోలు వేరే ఎక్కడా రావు, అది ఒప్పుకోవాలి.

కానీ ఇక్కడే బిల్లు విషయంలో జాగ్రత్త. యాడ్‌లో ఉన్న రేటుకి మామూలుగా ఒకట్రెండు సెట్లు, పదో పదిహేనో ఎడిట్ చేసిన ఫోటోలు ఉంటాయి. షూట్‌లో వందల ఫోటోలు తీస్తారు, వారం తర్వాత స్క్రీన్ మీద అన్నీ చూపిస్తారు, అప్పుడు ఏ అమ్మకైనా ఇది వద్దు అది చాలు అనబుద్ధి కాదు. ఉదాహరణకి ప్యాకేజీ 8000, పది ఫోటోలు, పైన ప్రతి ఫోటోకి 300 అనుకోండి, ఇంకో ఇరవై నచ్చితే 6000 కలుస్తుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే మొత్తం 16,520. అదే ముందే 30 ఫోటోల ప్యాకేజీ 12,000కి ఇచ్చేవాళ్ళు పక్క వీధిలోనే ఉండొచ్చు. కాబట్టి ప్యాకేజీ రేటు పోల్చకండి, మీకు నిజంగా కావాల్సినన్ని ఫోటోలకి ట్యాక్స్‌తో కలిపి ఎంతో ప్రతి స్టూడియోనీ అడిగి అది పోల్చండి.

ఇన్‌స్టా పేజీ చూసి నిర్ణయించొద్దు, అక్కడ పెట్టేది వాళ్ళ బెస్ట్ ఫోటోలే. ఏదైనా ఒక పాప షూట్ మొత్తం, ఇచ్చిన ఫోటోలన్నీ చూపించమనండి, ఆ అమ్మానాన్నలు ఒప్పుకుని ఉంటే చూపిస్తారు. మొదటి ఫోటో ఎంత బాగుందో పదిహేనోది కూడా అంత బాగుంటే నమ్మొచ్చు.

కేక్ స్మాష్, అంటే పాప ముందు కేకు పెట్టి చేతులతో చిదిమి ఆడుకుంటుంటే తీసే ఫోటోలు, వాటి గురించి ఒక మాట. మొదటి పుట్టినరోజు ప్యాకేజీల్లో ఇది తప్పకుండా పెడుతున్నారు. షూట్ ఏడాది నిండకముందే చేస్తారు కాబట్టి కేకులో తేనె అస్సలు ఉండకూడదు, ఏడాదిలోపు పిల్లలకి తేనె ప్రమాదం. నట్స్, గుడ్డు అంతకుముందు ఎప్పుడూ పెట్టకపోతే ఆ రోజే మొదటిసారి పెట్టొద్దు. పుచ్చకాయ, అరటిపండు, మామిడిపండు పెట్టి ఫ్రూట్ స్మాష్ చేయమంటే చేస్తున్నారు, ఫోటోలు ఇంకా బాగుంటాయి, మామిడిపండు మొహానికి పూసుకున్న పాపని మించిన ఫోటో ఏముంటుంది చెప్పండి.

ఇంటికొచ్చే ఫోటోగ్రాఫర్

నా మనసుకి దగ్గరైంది ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా. పాప తన మంచం మీద, తన వాసన ఉన్న దుప్పటి మీద ఉంటుంది, ఆకలేస్తే పాలు, నిద్రొస్తే ఉయ్యాల, ప్రయాణం లేదు. నలుగు పెట్టి స్నానం చేయించి సాంబ్రాణి వేసి పడుకోబెడితే పిల్లలు హాయిగా నిద్రపోతారు, ఆ నిద్రలో తీసే ఫోటోలకి ఏ స్టూడియో సాటి రాదు. సాంబ్రాణి పొగ మాత్రం గది నిండా నింపేయొద్దు, పాప ఊపిరికీ మంచిది కాదు. ఇంకా స్టూడియోలో రానివి కొన్ని వస్తాయి, అమ్మమ్మ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించడం, తాతయ్య ఎత్తుకుని క్యాలెండర్ చూపించడం, అన్నయ్య వచ్చి బుగ్గ గిల్లడం. పదేళ్ళ తర్వాత మనం వెతుక్కునేది ఇవే.

దీనికి కావాల్సింది వెలుతురు. పెద్ద కిటికీ ఒకటి ఉన్న గది చాలు. తూర్పు కిటికీ అయితే ఎండ నేరుగా పడటం తగ్గాక, పది పదకొండు టైమ్‌లో, ఉత్తరం కిటికీ అయితే దాదాపు రోజంతా బాగుంటుంది. పక్క బిల్డింగ్ గోడ కిటికీకి ఆనుకుని ఉన్న ఫ్లాట్ అయితే ముందే గది వీడియో తీసి ఫోటోగ్రాఫర్‌కి పంపండి, ఆయన లైటు తెచ్చుకుంటారు, లేదా ఇది కుదరదని చెప్పేస్తారు. ఇల్లంతా సర్దక్కర్లేదు, కిటికీ పక్కన ఒక మంచం, తెల్ల దుప్పటి, అంతే. మంచి ఫోటోగ్రాఫర్ మిగతాది ఫ్రేములో పడనివ్వడు.

ఒకటి చూసుకోండి, ఆయన పెళ్ళిళ్ళు మాత్రమే తీసినవాడా, పిల్లలవి కూడా తీశాడా. పెళ్ళి ఫోటోగ్రాఫర్ ఎంత గొప్పవాడైనా పసిపాపని పోజు పెట్టడం వేరే పని. అలవాటు లేకపోతే పోజులేం వద్దండీ, పాప ఎలా ఉంటే అలా తీయండి అని చెప్పేస్తే సరిపోతుంది.

ఔట్‌డోర్

నడిచే పిల్లలకి ఇది పండగ. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగున్నర తర్వాత బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండల్లో అసలు వద్దు. గోల్కొండ, చార్మినార్ లాంటివి కేంద్ర పురావస్తు శాఖ కిందివి, అక్కడ స్టాండ్లూ లైట్లూ పెట్టి తీయాలంటే ముందే పర్మిషన్ కావాలి, ఫోటోగ్రాఫర్ చూసుకుంటాడు అనుకోకుండా పర్మిషన్ పేపర్ ఎవరు తెస్తారో మాట్లాడుకోండి. పార్కుల్లో కూడా పెద్ద కెమెరా చూస్తే గేటు దగ్గరే ఆపుతారు. ఊరి శివార్లలో సెట్లు వేసి గంటల లెక్కన అద్దెకిచ్చే చోట్లు ప్రీ వెడ్డింగ్ జంటల కోసం కట్టినవి, మెట్లూ నీటి తొట్లూ ఎక్కువ, పరిగెత్తే పిల్లాడితో అయితే వెనక ఒక మనిషి ఉండాల్సిందే. వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి బీచ్ పొద్దున్నే ఖాళీగా ఉంటుంది, ఇసుకలో కూర్చోబెడితే సెట్టు ఖర్చే లేదు, అలల దగ్గరికి మాత్రం పోనివ్వకండి.

డబ్బులిచ్చే ముందు రాతలో ఉండాల్సినవి

అంతా వాట్సాప్‌లోనే అయినా పర్లేదు, రాతలో ఉంటే చాలు. ఎడిట్ చేసే ఫోటోలు ఎన్ని, ఎన్ని రోజుల్లో ఇస్తారు, పాపకి బాలేకపోతే డేట్ మార్చుకోవచ్చా, అడ్వాన్స్ పోతుందా, ఆల్బమ్ అయితే ఎన్ని షీట్లు. 12 బై 36 అంగుళాల ఆల్బమ్‌లో (తెరిస్తే రెండు పేజీలూ కలిపి ఆ సైజు) ఒక పేజీ నిండా ఒకే ఫోటో వేయాలంటే ఆ ఫోటో 3600 బై 5400 పిక్సెల్స్ దాకా ఉండాలి, కాబట్టి ఫైల్స్ గూగుల్ డ్రైవ్‌లోనో పెన్ డ్రైవ్‌లోనో తీసుకోండి, వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది.

హక్కుల సంగతి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బులిచ్చి మనం తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు మనమే. అందుకే కొన్ని స్టూడియోల ఫారంలో ఫోటోలు ప్రచారానికి వాడుకుంటాం అని ఒక లైను ఉంటుంది, చదవకుండా సంతకం పెట్టొద్దు. మీకిష్టం లేకపోతే ఆ లైను కొట్టేయమనండి. బట్టలు లేని పసిపాప ఫోటోలు, స్నానం ఫోటోలు ఎవరి పేజీలోనూ పెట్టడానికి ఒప్పుకోవద్దు, డిస్కౌంట్ ఇస్తామన్నా సరే.

మరి ఎవరికి ఏది

తొలి కాన్పుకి పుట్టింట్లో, ఒంగోలులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మాయికి నా సలహా, పసిపాప షూట్ కోసం పాపని కార్లో మూడు గంటలు తిప్పొద్దు. ఊళ్ళోనే తెలిసిన ఫోటోగ్రాఫర్‌ని ఇంటికి పిలిపించి కిటికీ దగ్గర తీయించుకోండి, అయిదో నెలలో అత్తారింటికి వచ్చాక ఆరేడు నెలలకి సిటీలో బేబీ స్టూడియోకి వెళ్ళండి.

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు సెలవు దొరుకుతుందని ఆదివారం బుక్ చేస్తారు, ఆ రోజే స్టూడియోలో లైను ఎక్కువ. ఒక మామూలు రోజు సగం పూట సెలవు పెట్టి పాప నిద్ర లేచే టైమ్‌కి బుక్ చేయండి, అదే స్టూడియో అదే రేటుకి రెట్టింపు టైమ్ ఇస్తుంది.

అమెరికా నుంచి మూడు వారాల కోసం వచ్చేవాళ్ళు మొదటి వారం షూట్ పెట్టుకోవద్దు, పాపకి పగలూ రాత్రీ తారుమారై ఉంటుంది. రెండో వారం, అదీ తాతమ్మా వాళ్ళందరూ ఉన్న ఇంట్లోనే తీయించుకోండి, స్టూడియో సెట్లు అక్కడా దొరుకుతాయి, తాతమ్మ దొరకదు.

కవలలైతే ఇద్దరు మనుషులు సాయం ఉన్న చోటికే వెళ్ళండి, ఒకరు నిద్రపోతే ఇంకొకరు లేస్తారు, టైమ్ రెట్టింపు అడగండి. నెలలు నిండకుండా పుట్టిన పాపకి పుట్టిన తేదీ కాకుండా డాక్టర్ ముందు ఇచ్చిన డెలివరీ డేట్ నుంచి వయసు లెక్క చూసుకోవాలి, డాక్టర్ సరే అన్నాకే ఎవరినైనా ముట్టుకోనివ్వండి. శబ్దానికీ వెలుతురికీ బెదిరిపోయే పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు అయితే ఫ్లాష్ లేకుండా ఇంట్లోనే, అదీ ఫోటోగ్రాఫర్ ముందు రోజు ఒకసారి ఊరికే వచ్చి కాసేపు ఆడుకుని వెళ్తే చాలా సులువవుతుంది, అడిగితే వచ్చేవాళ్ళున్నారు.

చేతిలో డబ్బులు తక్కువైతే నెలనెలా మీ ఫోన్‌తోనే అదే కిటికీ పక్కన, అదే దుప్పటి మీద, పాప ఎత్తుకి ఫోన్ దించి తీయండి, ఫ్లాష్ ఆపేసి, లెన్స్ తుడిచి. ఏడాది చివర్లో కాలనీ స్టూడియోకి ఆ పన్నెండు ఫోటోలూ పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్తే ఒకే ఫ్రేములో వేసి ప్రింటు తీసిస్తారు, అక్కడే అందరూ కలిసి ఒక గ్రూప్ ఫోటో కూడా దిగి రావొచ్చు.